ఇంట్లో ఎవరో ఉన్నారు
(వన్-నార్త్‌లో తెలుగు మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

నేను సాహిత్యం చదువుకున్నవాణ్ణి కాను. ఇంజినీరింగ్ చదివి, ఈ వీధిలోనే సాఫ్ట్‌వేర్ రాసుకుంటూ బతికేవాణ్ణి. ఏదైనా ఒక పుస్తకం గురించి మాట్లాడమన్నారు కాబట్టి, నాకు నిద్ర లేకుండా చేసిన దాని గురించి మాట్లాడతాను.

పుస్తకం పేరు 'నైట్‌వాచింగ్'. అమెరికన్ రచయిత్రి ట్రేసీ సియెర్రా తొలి నవల, 2024లో వచ్చింది. మంచు తుఫాను రాత్రి. పాతకాలపు ఇల్లు. భర్త పోయిన తల్లి, ఇద్దరు పసిపిల్లలు. మెట్ల మీద ఎవరివో అడుగులు. ఆ ఇంటి గోడ వెనక ఒక రహస్యపు గది ఉంటే పిల్లల్ని తీసుకుని అందులో దూరుతుంది. బయట వాడు తిరుగుతూంటాడు, లోపల పిల్లలు కిక్కురుమనకూడదు. భూమధ్యరేఖకు ఒక డిగ్రీ ఉత్తరాన ఉందని ఈ చోటికి వన్-నార్త్ అని పేరు పెట్టారు. ఇక్కడ మనకు మంచు కనిపించేది ఫ్రీజర్ తలుపు తీసినప్పుడే. అయినా చదువుతూంటే నాకు కాళ్ళు చల్లబడ్డాయి.

అయితే నన్ను పట్టేసింది ఆ దాగుడుమూతలు కాదు, ఆ తర్వాతి కథ. ఆవిడ చెప్పింది పోలీసులు నమ్మరు. ఆవిడ మొదట్నుంచీ భయస్తురాలు. మామగారి దృష్టిలో ఆవిడ విలువ అంతంత మాత్రమే. నిజంగా దొంగ వచ్చిన రోజున, ఆ 'పిరికిది' అన్న ముద్రే ఆవిడకు శత్రువవుతుంది. కానీ ఏ మెట్టు మీద కాలు పెడితే కిర్రుమంటుందో ఆవిడకే తెలుసు. భయపడేవాళ్ళు అన్నీ గమనిస్తారు. మా వృత్తిలో లాగ్‌లో చిన్న తేడా చూసి లేచి కూర్చునేవాణ్ణి మంచి ఇంజినీరంటాం. అదే పని ఇల్లాలు చేస్తే "నీకన్నీ అనుమానాలే" అంటాం. ఇదేం న్యాయమో నాకు అర్థం కాదు.

మనకూ ఈ భయాలు కొత్త కాదు. 1980ల మొదట్లో ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి 'తులసిదళం' వస్తూంటే తెలుగు ఇళ్ళల్లో చీకటి పడ్డాక పెరట్లోకి వెళ్ళేవారు కాదు. అందులో పసిపిల్ల మీదికి వచ్చే కీడుకు తలుపు తెరవనక్కర్లేదు. విజయవాడలో సివిల్ ఇంజినీరింగ్ చదివిన రామ్‌గోపాల్ వర్మ 1999లో 'కౌన్' తీశారు. ఒంటరిగా ఉన్న అమ్మాయి, తలుపు దగ్గర కొత్త మనిషి. అది తెలివైన సినిమాయే గానీ అందులో ఆడుకునేది ప్రేక్షకుడి భయంతో. సియెర్రా మాత్రం తల్లి భయాన్నే నమ్మింది. నా ఓటు ఆవిడకే.

రహస్యపు గది అంటే గుర్తొచ్చింది. 1997 నాటి చట్టం పుణ్యమా అని, ఆ తర్వాత సింగపూర్‌లో కట్టిన ఇళ్ళల్లో ఇనుప తలుపుతో షెల్టర్ గది ఉంటుంది కదా. మనం అందులో బియ్యం బస్తాలు, సూట్‌కేసులు, ఆవకాయ జాడీలు పెట్టుకుంటాం. మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు ఆ తలుపు చూసి, "లోపలినుంచి గడియ పడుతుందా?" అని అడిగింది. అప్పటిదాకా ఇంటికొచ్చిన స్నేహితుల్లో ఒక్కరూ ఆ మాట అడగలేదు.

ముగింపు చెప్పను, చెబితే కొట్టేట్టున్నారు. మీరు చదివాక మీ ఆవిడకు కూడా ఇవ్వండి. దాక్కున్న గదిలోంచి ఆ తల్లి పిల్లల్ని వదిలి మంచులోకి పరుగెత్తిన చోట, ఆవిడైతే ఏం చేసేదో అడిగి, వచ్చే సమావేశంలో చెప్పండి.