చరిత్ర ఎం.ఏ. చదివితే ఏం వస్తుంది?
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

నాకు పది నిమిషాలిచ్చారు. డి.ఏ. బకాయిల సంగతి కార్యదర్శిగారు చూసుకుంటారు కనుక నేను మా ఇంట్లో జరిగిన ఒక గొడవ గురించి చెబుతాను.

మా మనవరాలు డిగ్రీ పాసై, చరిత్రలో ఎం.ఏ. చేస్తానంది. "కూడు పెడుతుందా ఆ చదువు?" అన్నాడు వాళ్ళ నాన్న. నేనూ వాడికే వంత పాడాను. అప్పుడది నన్నొక ప్రశ్న అడిగింది. "తాతయ్యా, నువ్వు రికార్డు రూములో పనిచేశావు కదా, పాత కాయితాలు ఏంచేసేవాళ్ళు?"

మీకు తెలియనిది కాదు. ఎల్.డిస్. ఏడాది, కె.డిస్. మూడేళ్ళు, డి.డిస్. పదేళ్ళు, ఆర్.డిస్. శాశ్వతం. గడువు తీరినవాటికి జాబితా రాసి, సంతకం పెట్టించి తగలబెట్టేవాళ్ళం. 1978లో, ఒక తాలూకా కార్యాలయంలో, చెదలు పట్టిన కట్టలను విప్పి చూడకుండానే నేను జాబితాలో కలిపేశాను. పైన కరువు పనుల కూలి పట్టీలు కనిపించాయి. ఏ ఫసలీవో కూడా చూడలేదు. సాయంత్రం పెరట్లో మంట. గది ఖాళీ అయిందని సూపరింటెండెంటుగారు మెచ్చుకున్నారు కూడాను! ఆ కరువులో ఏ ఊరివాళ్ళు పనికొచ్చారో, ఎంత కూలి ముట్టిందో ఇక ఎవరూ చెప్పలేరు. ఇదంతా దానికి చెప్పాను. కోప్పడలేదు. "అలాంటి కట్టలు చదవడమే తాతయ్యా నేను నేర్చుకుంటానన్నది" అంది.

ఆ తర్వాత నేనే వాకబు చేశాను. నోటిఫికేషన్లలో అర్హతలు చదవడం గుమాస్తాకు కొత్త కాదు.

బడిలో చెప్పాలంటే బి.ఎడ్. చేసి టెట్, డీఎస్సీ రాయాలి. జూనియర్ లెక్చరరుకు బి.ఎడ్. అక్కర్లేదు. యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసరుకు 55 శాతం మార్కులతో ఎం.ఏ., దానిపైన నెట్ గాని పిహెచ్.డి. గాని ఉండాలి. నెట్‌లో జె.ఆర్.ఎఫ్. వస్తే పరిశోధన చేసుకుంటూ మొదట్లో నెలకు 37,000 రూపాయలు. ఇది 2023 నుంచి. సివిల్స్‌కు ఏ డిగ్రీ అయినా చాలు గాని, చరిత్రను ఆప్షనల్‌గా తీసుకుంటే రెండు పేపర్లు, 500 మార్కులు.

ఇవి అందరూ చెప్పేవే. నాకు ఆసక్తి కలిగించినవి వేరే ఉన్నాయి. ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారం 1891లో కలకత్తాలో మొదలైంది. పాత రికార్డులను ఎలా భద్రపరచాలో, ఎలా వర్గీకరించాలో అక్కడ ఏడాది డిప్లొమాగా నేర్పుతారు. మనం ముప్ఫయ్యేళ్ళు చేసిన పనికి చదువు ఉందని నాకు డెబ్బయి దాటాక తెలిసింది! 1861లో ఏర్పడిన పురావస్తు శాఖలో శాసనాల విభాగం మైసూరులో ఉంది. అరబిక్, పర్షియన్ శాసనాలది నాగపూర్‌లో. హైదరాబాదు తార్నాకలోని అభిలేఖాగారంలో మొగలాయీల కాలం నుంచి పర్షియన్ కాగితాలున్నాయి. వాటిని చదవగలిగేవాళ్ళే కరువు.

పోస్టులు తక్కువ, నోటిఫికేషన్లకు ఏళ్ళు పడతాయి. ఇది దాచి పిల్లలకు ఆశ పెట్టకూడదు. ఒట్టి ఎం.ఏ. పట్టా పట్టుకుని కూర్చుంటే లాభం లేదు. పాత లిపో, పర్షియనో, సంస్కృతమో ఒకటి చేతిలో ఉండాలి. ఈ మాట మా అబ్బాయికి నచ్చింది. ఫీజు కట్టాడు.

పోయిన నెల అది సెలవులకు వచ్చి, పాత కరణాల లెక్కల నకళ్ళు నా ముందు పెట్టింది. ఆ గొలుసుకట్టు రాత దానికి కొరుకుడు పడటం లేదట. రోజూ సాయంత్రం గంటసేపు చెబుతున్నాను. మీలో ఎవరింట్లోనైనా అటువంటి కాగితాలుంటే పాతసామాన్లవాడికి వేయకుండా మాకు కబురు చేయండి. చూసి భద్రంగా తిరిగి ఇస్తాం. రసీదు కూడా రాసిస్తాను.

సెలవు.