అవటుగ్రంథి అతిగా పనిచేసినపుడు
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఉత్సవమునాడు రోగముల మాట యేల యని కొందరనుకొనవచ్చును. వైద్యుడు వ్రాసి యిచ్చిన చీటిని ఇంటివారికి చదివి చెప్పువారు ఈ గ్రంథాలయపు పాఠకులే. కావున ఈ సంగతి మీ యెదుట చెప్పుట యుక్తమని తలచితిని.

కంఠము ముందుభాగమున సీతాకోకచిలుక ఆకారమున నుండునది అవటుగ్రంథి. జనులు థైరాయిడ్ అందురు. శరీరమను పొయ్యిలో మంట యెంత యుండవలెనో నిర్ణయించునది దీని స్రావమే. అది మితిమీరినచో గుండెదడ, చేతుల వణకు, చెమట, నిద్రలేమి కలుగును. ఆకలి బాగుగనే యుండును, మనిషి మాత్రము చిక్కిపోవును. పల్నాటి వేసవిలో ఎండకు తాళలేకున్నానని ఒకరన్నచో వింతపడువారెవరు? అందుచేత వ్యాధి మరుగుపడును. కొందరు క్షయ యనుకొందురు. కొందరు దిష్టి తీయింతురు. ఆడపిల్ల యైనచో పెంకితనమందురు. ఉపేక్షించినచో గుండె లయ తప్పును, ఎముకలు బలహీనపడును.

రక్తపరీక్షలో టి.ఎస్.హెచ్. తగ్గి, టి4 గాని టి3 గాని పెరిగినచో వ్యాధి తెలియును. కాని కారణము తెలియక చికిత్స నిర్ణయింపరాదు. గ్రంథి వాపువలన నిల్వయున్న స్రావము ఒలికినచో కొన్ని వారములలో దానంతటదే తగ్గును. గ్రంథిని అణచు మాత్రలు అందుకు పనికిరావు. గ్రంథిలో గడ్డలు పుట్టి అతిగా స్రవించినచో మాత్రలు అదుపు చేయునే గాని శాశ్వతముగా మాన్పవు. ఎక్కువగా కనబడునది గ్రేవ్స్ వ్యాధి. ఇందు శరీరపు రక్షణశక్తియే గ్రంథిని రెచ్చగొట్టును.

చికిత్సలు మూడు. శస్త్రచికిత్స పాతది; దానిని తీర్చిదిద్దిన స్విట్జర్లాండు వైద్యుడు కోకరునకు 1909లో నోబెల్ బహుమానము లభించినది. రేడియో అయొడిన్‌ను 1941లో బోస్టనులో సాల్ హెర్ట్జ్ మొదట ప్రయోగించెను. 1943లో ఆస్ట్‌వుడ్ మాత్రల మార్గము చూపెను.

మాత్రలలో మనయొద్ద ప్రసిద్ధమైనది కార్బిమజోల్. ఏడాది మొదలు ఏడాదిన్నర వరకు వాడవలెను. మానిన పిదప ఇంచుమించు సగముమందికి వ్యాధి తిరిగి వచ్చును. ఇక్కడనే మనవారు చిక్కులో పడుదురు. రెండు మూడు నెలలకు దడ తగ్గును, మిరపకోతలు వచ్చును, పరీక్షకు పోయిన ఒకనాటి కూలి పోవును, మాత్రలు మానుదురు. 2022లో జిల్లాకేంద్రమైన నరసరావుపేటలో నేడు రక్తపరీక్ష చేయించుకొనవచ్చును గనుక, ప్రతిసారి గుంటూరు పోవలసిన పనిలేదు.

రేడియో అయొడిన్ అనగానే అణుబాంబు తలపునకు వచ్చును. ఇది మ్రింగెడి మందు. మన దేశమున ట్రాంబేలో తయారగును. దీని శక్తి 8 దినములకు సగమగును. కొన్ని దినములు పసిపిల్లలకు, గర్భిణులకు దూరముగా నుండవలెను. గర్భిణులకు, పాలిచ్చు తల్లులకు ఇది కూడదు. పుచ్చుకొన్న స్త్రీ ఆరు మాసములైన గర్భము ధరింపరాదు. కండ్లు ముందుకు పొడుచుకొని వచ్చినవారికి కంటిబాధ హెచ్చవచ్చును, చుట్ట కాల్చువారికి మరింత. (పొగాకు పండించు సీమలో ఈ మాట ఎవరికి రుచించును?)

గ్రంథి మిక్కిలి పెరిగి గొంతును నొక్కుచున్నపుడు, త్వరలో సంతానము కోరు స్త్రీ విషయమున, శస్త్రచికిత్స మేలు కావచ్చును. స్వరనాడికి దెబ్బ తగులుట, కాల్షియము పడిపోవుట అందలి భయములు. చేయి తిరిగిన శస్త్రవైద్యునియొద్ద అవి అరుదు.

అయొడిన్ పిదప చాలమందికి, గ్రంథి పూర్తిగా తీసివేసినవారందరికి, జీవితాంతము థైరాక్సిన్ మాత్ర తప్పదు. ఇది వినగానే జనులు బెదరుదురు. నా యభిప్రాయము వేరు. మాటిమాటికి తిరగబెట్టు వ్యాధికంటె, ఉదయమున పరగడుపున ఒక చౌక మాత్ర తేలిక. అయినను, మొదటిసారి గ్రేవ్స్ వ్యాధి వచ్చిన చిన్న వయస్సువారు మాత్రలతో నారంభించుట మంచిది. తిరిగి వచ్చినచో, గుండె చెడుచున్నచో, తక్కిన రెంటిలో నొకటి ఎన్నుకొనవలెను.

పెండ్లి సంబంధములు చూచుచున్న పిల్లకు మెడపై మచ్చ పడునని భయపడి వ్యాధిని దాచు తలిదండ్రులు కలరు. పెండ్లియై గర్భము నిలిచిన తొలిమాసములలో కార్బిమజోల్ శిశువునకు హాని చేయవచ్చును. అప్పుడు వేరు మాత్రకు మార్చవలసియుండును. దాచినచో వైద్యునికి ఈ సంగతి యెవరు చెప్పుదురు? కావున పెండ్లికి ముందే నిర్ణయము జరుగవలెను, ఆ నిర్ణయమున పిల్ల మాటయు నుండవలెను.

మరియొకటి. ఈ మాత్రలు వాడువారికి జ్వరము, గొంతునొప్పి వచ్చినచో, అరుదుగా రక్తమందలి తెల్లకణములు పడిపోయి యుండును. మాత్ర ఆపి, ఆనాడే రక్తపరీక్ష చేయించుకొనవలెను, మరునాటికి వాయిదా వేయరాదు.

సందేహములున్నవారు ఇప్పుడు అడుగవచ్చును.