ఊయల మాట

“భూమి మానవజాతికి ఊయల, కాని ఎవరును ఎల్లకాలము ఊయలలోనే ఉండిపోరు గదా!” అంతరిక్షమున మానవులు కాపురములుండు కాలమునుగూర్చి ప్రసంగించువారు తరచుగా ఉదాహరించు వాక్యమిది. చెప్పినవాడు రష్యా దేశీయుడు కాన్‌స్టాంటిన్ త్సియోల్కోవ్‌స్కీ యని ప్రతీతి. మేమును ఒకనాటి ప్రసంగమున దీనిని నిశ్చింతగా చదివితిమి. వారము తిరుగకమునుపే కోనసీమనుండి ఒక శ్రోత కార్డు వ్రాసిరి: “ఆయన ఈ మాట ఎక్కడ అనెను? ఎవరితో అనెను?” మాకడ సమాధానము లేదు. అచ్చులో దొరలిన తప్పును పాఠకుడు మరల చూచి దిద్దుకొనవచ్చును. గాలిలో కలిసిన మాటను వెనుకకు పిలువలేము. కనుక వెదకుట మా విధి యయ్యెను.

గోదావరి తీరమువారికి ఇట్టి చిక్కు క్రొత్తది కాదు. రాజమహేంద్రవరమున రెడ్డిరాజుల కొలువులోనుండిన శ్రీనాథుని పేర ఎన్ని చాటువులు చెల్లుచున్నవి! అందు నిజముగా ఆయనవి ఏవో, ఆయన కీర్తినిబట్టి అంటగట్టినవి ఏవో విడదీయుట పండితులకే కష్టము. చమత్కారమైన మాట అనాథగా నిలువదు. గొప్పవాని యింట దత్తత చేరును. ఇదియు అట్టిదే కాబోలునని మేము మొదట అనుకొంటిమి.

కాని ఇది దత్తత బిడ్డ కాదు. ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన 1852కు అయిదేండ్ల తరువాత, 1857లో త్సియోల్కోవ్‌స్కీ జన్మించెను. బాల్యమున సోకిన జ్వరము ఆయన వినికిడిని చాలవరకు హరించెను. కలూగా పట్టణమున బడిపంతులుగా నుండి, రాకెట్టుతో అంతరిక్షమునకు పోవు మార్గమును గణితముతో చూపుచు 1903లో ఒక వ్యాసము ప్రకటించెను. మన ఊయల మాట 1911లో ఆయన బి. ఎన్. వొరొబ్యేవ్ అను పత్రికా సంపాదకునికి వ్రాసిన లేఖలోనిది.

మాట ఆయనదే, రూపము మాత్రము మారినది. రష్యను మూలమున “భూమి” లేదు, “గ్రహము” కలదు. “మానవజాతి” లేదు, బుద్ధి యను అర్థముగల “రాజుమ్” అను పదము కలదు. గ్రహము బుద్ధికి ఊయల యనియు, ఎల్లకాలము ఊయలలో బ్రతుకరాదనియు ఆయన భావము.

ఇంత స్వల్పభేదమునకు ఇంత విచారణ యేల యని కొందరడుగవచ్చును. “మానవజాతి” యన్నచో ఆ మాట మనకు మాత్రమే చెల్లును. “బుద్ధి” యన్నచో ఏ గ్రహమున ఆలోచన పుట్టినను దానికి చెల్లును. ఆయన చూపు అంత దూరము సాగినది. అనువాదము దానిని మన పెరటికి కుదించినది.

మరియొక అపార్థము ఇంతకంటె హానికరము. భూమిని పాడుచేసికొన్నను వేరొకచోటికి పోవచ్చునని ఈ వాక్యమునుండి ధైర్యము తెచ్చుకొనువారు కలరు. ఊయల దిగిన బిడ్డ ఇల్లు తగులబెట్టి పోడు; వసారాలో తప్పటడుగులు వేసి, పిమ్మట గడప దాటును. కలూగాలో ఆయన సమాధిస్తంభముపై చెక్కిన వాక్యమును ఇట్లే పలుకును: మానవులు వెలుగును, చోటును వెదకుచు మొదట బెదరుచునే వాయుమండలము దాటుదురట. అది వెదకుట, పారిపోవుట కాదు. ఆకాశనివాసములలోను గాలికి, తిండికి మొక్కలు పెంచవలెనని ఆయన వ్రాసెను. చోటు మారినను సేద్యము తప్పదని ఆ బడిపంతులెరుగును. మన డెల్టా రైతునకు ఇది వేరుగ చెప్పనక్కరలేదు.

శ్రోతకు జాబు వ్రాసితిమి. ఇకమీద ఆ వాక్యము చదువవలసివచ్చినపుడు “గ్రహము” అనియే, “బుద్ధి” అనియే చదువుదుము. గొప్పవారి మాట వినవచ్చినపుడు ఎవరు, ఎవరికి, ఎప్పుడు, ఏ భాషలో అనిరని శ్రోతలు మమ్ము అడుగుచుండవలెనని మా మనవి. ఆ కార్డు మాకు చేసిన మేలు అదియే.