దొరకిన నగ - దాని వెల



నేటి సాయంకాలము మీకు మనవి చేయదలచిన విషయము నేలలో దొరకిన నగను గూర్చినది. నేను కంసాలి యింట బుట్టినవాడను. త్రాసును, గీటురాయియు నా చిన్ననాటి ఆటవస్తువులు. కావున ఈ విషయమున నాకు కొంత పరిచయము కలదు. ఒక పశ్చాత్తాపమును కలదు. దానిని తుదకు చెప్పెదను.

ఇంగ్లండు మొదలగు దేశములలో మెటల్ డిటెక్టరు అను యంత్రమును చేతబట్టి పొలములందు తిరుగుట పెక్కుమందికి వినోదము. కఱ్ఱ చివర పళ్లెమువలె నుండు తీగచుట్టలోని విద్యుత్తు నేలలోని లోహమునందు మరల విద్యుత్తును బుట్టించును. దానిని పసిగట్టి యంత్రము కూయును. అంతవరకే దాని పని. సన్నని పసిడి యుంగరమునకును, ఎవరో పారవైచిన అల్యూమినియపు రేకుముక్కకును అది యించుమించు ఒకే కూత కూయును. తక్కిన తెలివి త్రవ్వినవానికి ఉండవలెను.

త్రవ్వినవాడు మొట్టమొదట చేయు తప్పు చింతపండు బెట్టి తోముట. మేలిమి బంగారము మంటిలో నున్నను మాయదు, దానిని తోమనక్కరలేదు. మంచినీట ముంచి మన్ను జారవిడిచిన చాలును. తోమినచో సన్నని చెక్కడపు గీతలు చెడును, రాళ్లక్రింది లక్క యూడును.

పిదప తూనిక. నగను గాలిలో తూచి, దారమున వ్రేలాడదీసి నీటిలో మరల తూచవలెను. తగ్గిన బరువుచే మొదటి బరువును భాగించినచో మేలిమికి 19 పైచిలుకు వచ్చును; ఇత్తడికి ఎనిమిదిన్నర ప్రాంతము వచ్చును. అయితే డొల్ల నగకును, లక్క నింపినదానికిని, రాళ్లు పొదిగినదానికిని ఈ లెక్క కుదరదు. అప్పుడు గీటురాయి యున్నదని మావారందురు. రాతిపై గీసి నత్రికామ్లపు చుక్క వేసినచో ఇత్తడి గీత కరగిపోవును, మంచి బంగారపు గీత నిలుచును. నిజమే. కాని ప్రాచీనమైన నగను రాతికి రాయుట దానికి గాయము చేయుట. నేనైతే ఇప్పుడు గీయను. ఈ మాట వినినచో మా పెదతండ్రిగారు నన్ను ఇల్లు వెడలగొట్టియుందురు!

నా యనుభవమున నగయొక్క ముఖముకంటె వీపు ఎక్కువ నిజము చెప్పును. కొండి యెంత అరిగినది, అతుకు ఎట్లు వేసిరి, రాతివెనుక మూసిరా, వెలుతురునకు సందు విడిచిరా - ఇవన్నియు అచ్చటనే తెలియును. అది దొరకిన చోటును గుర్తు పెట్టుకొనకున్నచో ఆ నగ కథలో సగము పోయినట్లే.

1985లో ఇంగ్లండునందలి యార్క్‌షైరులో, మిడిల్‌హామ్ కోటకు సమీపమున, ఇట్టి యంత్రముతో తిరుగుచున్న యొకనికి పసిడి పతకమొకటి దొరకినది. ఆ కోట మూడవ రిచర్డు రాజు బాల్యమున కొంతకాలము పెరిగిన చోటు. పతకము పదునైదవ శతాబ్దమునాటిది. బరువు 68 గ్రాములు, అనగా ఆరు తులములకు ఇంచుక తక్కువ. ముఖమున ఒక నీలము, క్రైస్తవుల త్రిమూర్తి చిత్రము. వీపున క్రీస్తు జననము. చుట్టును లాటిను అక్షరములు. వాటిలో మూర్ఛరోగమును పోగొట్టునని ఆనాటివారు నమ్మిన మంత్రపదమొకటి కలదు. వెనుకపలక జరుపగా లోపల బంగారు జరీ కుట్టిన పట్టుపీలికలు కనబడినవి! కరగించినచో ఆ బంగారమునకు ఆనాటి ధరలో వేయి పౌండ్లైనను రావు. 1986లో వేలమున అది పదమూడు లక్షల పౌండ్లు పలికినది. కొన్నేండ్లకు యార్క్‌షైరు మ్యూజియమువారు ఇరువదియైదు లక్షలిచ్చి కొనిరి. చింతపండుతో తోమి, పీలికలు మురికియని పారవైచియుండినచో?

ఆ దేశమున 1996లో చేసిన చట్టము ననుసరించి నిక్షేపము దొరకినవాడు పదునాలుగు దినములలో అధికారికి తెలుపవలెను. మ్యూజియము కోరినచో స్వతంత్ర సంఘమొకటి అంగడి వెల కట్టును. మనకున్నది 1878నాటి చట్టము. పదిరూపాయలకు మించిన నిక్షేపమును గూర్చి కలెక్టరునకు తెలుపవలెను; దాచినవాడు శిక్షార్హుడు. తెలుపుట ధర్మమే. అయితే ప్రభుత్వము దానిని తీసికొనదలచినచో లోహపు వెలయు, ఆ వెలలో ఐదవవంతును ఇచ్చునని ఆ చట్టము చెప్పుచున్నది. పనితనమునకును, ప్రాచీనతకును కలిపి ఐదవవంతు! రైతు కచేరికి పోక కంసాలి గుమ్మము తొక్కుటలో వింత యేమి?

ఒకనాటి సంధ్యవేళ మా యింటికి అట్లే యొక రైతు వచ్చెను. నాగటిచాలున దొరకిన చెవికమ్మ యొకటి పంచె కొంగున మూటగట్టి తెచ్చెను. పెదతండ్రిగారు గీసి చూచిరి, తూచిరి, తులమున్నర. బేరము కుదిరెను. ఎవరైన అడుగుదురేమోయని ఆ రాత్రియే మూసలో వేసిరి. తిత్తి యూదినవాడను నేను. త్వరగా కరగలేదని విసుగుకొంటిని గూడ. వేయుటకుముందు ఒక్కసారి చేతబట్టి చూచితిని: వీపున చిన్న హంస చెక్కబడియుండెను, కొండి యొకప్రక్క అరిగి మెరయుచుండెను. ఇప్పటికిని ఆ హంసను కాగితముపై గీయబోవుదును. అది మెడ యే వైపునకు త్రిప్పియుండెనో జ్ఞప్తికి రాదు.