పథ్యమంటే పస్తు కాదు

(మన ఆసుపత్రి వెయిటింగ్ హాలులో ఉదయ ప్రార్థన తరువాత రోగుల కుటుంబాల వారికి ఇచ్చిన ప్రసంగ పాఠం)



మీలో చాలామంది కోడి కూయకముందే లేచి, పొయ్యి వెలిగించి, క్యారేజీ కట్టుకొని ఇక్కడికి వచ్చారు. జువ్వలదిన్నె నుండి వచ్చినవారున్నారు, బిట్రగుంట, కడనూతల నుండి వచ్చినవారున్నారు. డాక్టరుగారు మందులు రాస్తారు. మేము సూది వేస్తాము, సెలైన్ ఎక్కిస్తాము. కానీ మంచం మీద ఉన్న మనిషి చిన్నప్పటి నుండి ఏ రుచికి అలవాటుపడ్డాడో, ఏ వాసన తగిలితే లేచి కూర్చుంటాడో మాకు తెలియదు. అది మీకే తెలుసు. అందుకని ఈ రోజు మందుల సంగతి పక్కనబెట్టి మీ వంటింటి సంగతి మాట్లాడుకుందాము.

మార్కు సువార్త 5వ అధ్యాయంలో యాయీరు కుమార్తె సంగతి ఉంది. పన్నెండేండ్ల పిల్ల. చనిపోయిందని ఇల్లంతా ఏడుస్తుంటే యేసుప్రభువు ఆమె చెయ్యి పట్టుకొని లేపాడు. అందరూ ఆశ్చర్యంలో మునిగిపోయి ఉన్నారు. అప్పుడు ఆయన, ఆ పిల్లకు తినడానికి ఏదైనా పెట్టండని చెప్పాడు. అంత పెద్ద అద్భుతం జరిగిన ఇంట్లో అన్నం సంగతి గుర్తుంచుకున్నది ఆయనే. ఆ వాక్యం చదివినప్పుడల్లా నాకు మన వార్డే కళ్ల ముందుకు వస్తుంది.

ఎందుకంటే ఇక్కడ నేను రోజూ చూసేది దీనికి వ్యతిరేకం. "జ్వరం గదా సిస్టరమ్మా, రెండు రోజులుగా ఏమీ పెట్టలేదు" అంటారు. "విరేచనాలు గదా, నీళ్లు కూడా ఆపేశాము" అంటారు. లంకణం పరమౌషధమని పెద్దలు చెప్పిన మాటను పట్టుకొని, తినగలిగిన రోగిని కూడా మాడ్చేస్తారు. ఆపరేషనుకు ముందు, ఆపరేషను అయిన తరువాత, కొన్ని కడుపు జబ్బుల్లో నోటి ద్వారా ఏమీ ఇవ్వవద్దని డాక్టరుగారే చెప్తారు. అప్పుడు ఒక్క గుక్క కూడా ఇవ్వకండి. ఆయన చెప్పని చోట మాత్రం మీ అంతట మీరు పస్తు పెట్టకండి. జ్వరంలో ఒంటికి ఖర్చు ఎక్కువ. ఆ ఖర్చుకు తగ్గ రాబడి నోటి నుండే రావాలి.

ఇది నేను పుస్తకం చదివి చెప్పే మాట కాదు. మా తమ్ముడికి మూడేండ్లప్పుడు విరేచనాలు పట్టుకున్నాయి. నీళ్లిస్తే ఇంకా ఎక్కువవుతాయని ఇంట్లో వాళ్లందరూ అన్నారు. వాడు కుండ వైపు చూపించి ఏడ్చాడు. మా అమ్మ ఇవ్వబోతే మా నాయనమ్మ చేతిలో గ్లాసు లాక్కుంది. ఆమెకు వాడంటే ప్రాణం, అందుకే లాక్కుంది. రెండో రోజు సాయంత్రానికి వాడికి ఏడవడానికి కన్నీళ్లు కూడా రాలేదు. రాత్రికి లేడు. మా నాయనమ్మ చివరిదాకా ఆ గ్లాసు సంగతి ఎత్తి బాధపడేది. ఆమెను నేను తప్పు పట్టను. అప్పట్లో మా ఊళ్లో ఆమెకు చెప్పినవారు లేరు. మీకు చెప్పడానికి నేను ఉన్నాను కాబట్టి చెప్తున్నాను.

1971లో బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు లక్షలమంది కాందిశీకులు పశ్చిమ బెంగాలుకు వచ్చారు. బనగావ్ శిబిరంలో కలరా పట్టుకుంది. సెలైన్ సీసాలు అయిపోయాయి. అప్పుడు దిలీప్ మహలనబిస్ అనే డాక్టరుగారు ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో పోయించి, రోగుల బంధువుల చేతనే తాగించారు. నూటికి ముప్పైమంది దాకా పోతున్న చోట చావులు నలుగురి కంటే తక్కువకు తగ్గాయి. గమనించండి, అక్కడ గ్లాసు పట్టుకున్నది అమ్మలూ అక్కలూ. మీలాంటివారే.

విరేచనాలు మొదలైన వెంటనే ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టును దాని మీద రాసినన్ని నీళ్లలోనే కలపండి. పెద్ద ప్యాకెట్టుకు ఒక లీటరు. పిల్లవాడు చిన్నవాడని సగం ప్యాకెట్టు, సగం నీళ్లు అని అంచనాకు కలపవద్దు. ప్యాకెట్టు దొరకకపోతే, కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో తలకొట్టిన చిన్న టీ చెంచాతో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపండి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం, కలిపిన తరువాత రుచి చూడండి, కన్నీళ్ల కంటే ఉప్పగా ఉండకూడదు. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ చెంచాతో కొద్దికొద్దిగా పట్టండి. తల్లిపాలు ఆపవద్దు. డాక్టరుగారు రాసిన జింకు మాత్రలు విరేచనాలు తగ్గినా 14 రోజులూ వేయండి. కళ్లు లోపలికి పోయినా, మూత్రం రాకపోయినా, రక్తం పడినా, తాగినదంతా కక్కేసినా, పిల్లవాడు మత్తుగా పడుకొన్నా ఇంట్లో ఉంచకుండా తీసుకొని రండి.

ఇక గంజి. మన నెల్లూరు వరి పండే నేల. గంజి తెలియని ఇల్లు మన దగ్గర లేదు. అయినా క్యారేజీల్లో వచ్చే గంజి చాలావరకు అన్నం వార్చిన తెల్లని నీళ్లు. దానిలో బలం తక్కువ. రోగికి చేసే గంజి వేరు. ఒక చిన్న గ్లాసు పాత బియ్యం కడిగి, అరగంట నానబెట్టి, ఎనిమిది గ్లాసుల నీళ్లు పోసి, మెతుకు చితికిపోయేదాకా సన్నని మంట మీద ఉడికించండి. కుక్కరుంటే ఐదారు కూతలు. గరిటె వెనకతో మెదిపి, ఉప్పు వేసి, నాలుగు జీలకర్ర గింజలు వేయించి పొడి చేసి కలపండి. నోరు చప్పబడిన మనిషికి ఆ జీలకర్ర వాసనే ప్రాణం. చల్లారిన తరువాత పలచని మజ్జిగ కలుపుకోవచ్చు. జ్వరం తగ్గుతున్న కొద్దీ నీళ్లు తగ్గించుకుంటూ రండి. మూడో రోజుకు అదే మెత్తని అన్నం అవుతుంది. చక్కెర జబ్బు ఉన్నవారికి మాత్రం వట్టి గంజి గ్లాసుల కొద్దీ పట్టవద్దు, చక్కెర గబగబా పైకెక్కుతుంది. వారికి గంజిలో పెసరపప్పు కలిపి ఉడికించి, కొంచెం కొంచెంగా ఇవ్వండి.

రాగి జావ గురించి అందరికీ తెలుసుననుకుంటాము గానీ, ఉండలు కట్టిన జావ తెచ్చి, రోగి తినలేదని విసుక్కునేవారిని చూశాను. రెండు పెద్ద చెంచాల పిండిని ముందు చన్నీళ్లలో కలపండి. పక్కన రెండు గ్లాసుల నీళ్లు మరిగించి, అందులో ఈ పిండి నీళ్లు పోస్తూ కలుపుతూ ఉండండి. ఏడెనిమిది నిమిషాలు ఉడికితే పచ్చివాసన పోతుంది, జావ నిగనిగలాడుతుంది. కొందరికి మజ్జిగ, ఉప్పు, చిన్న ఉల్లిపాయ ముక్కలు. కొందరికి పాలు, బెల్లం. మీ వాళ్లకు ఏది ఇష్టమో అదే చేయండి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. బియ్యంలో అందులో చిన్న భాగం కూడా ఉండదు.

ఆరు నెలలు నిండిన బిడ్డ ఉన్న తల్లులు ఇది జాగ్రత్తగా వినండి. రాగులను రాత్రంతా నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మొలకెత్తాక నీడలో ఆరబెట్టి, దోరగా వేయించి పట్టించండి. మొలకెత్తిన రాగుల పిండి జావ అంత గట్టిపడదు. అందుచేత అంతే జావలో ఎక్కువ పిండి పడుతుంది, బిడ్డ చిన్న పొట్టలోకి ఎక్కువ బలం చేరుతుంది. ఆరు నెలల లోపు బిడ్డకు మాత్రం జావ వద్దు, తేనె వద్దు, తల్లిపాలే. తేనె అయితే ఏడాది నిండేదాకా నాకించవద్దు.

మిరియాల చారు జలుబును కుదర్చదు. అయితే ముక్కు దిబ్బడ వేసి, ఏ వాసనా తెలియక, అన్నం చూస్తే మొహం తిప్పుకొనే మనిషి చేత నాలుగు ముద్దలు తినిపిస్తుంది. చారులో నేను కోరేది అంతే. అర చెంచా మిరియాలు, చెంచా జీలకర్ర, నాలుగు వెల్లుల్లి రెబ్బలు కచ్చాపచ్చాగా దంచి, పలచని చింతపండు రసంలో కరివేపాకు వేసి ఒక పొంగు రానివ్వండి. ఎక్కువ మరిగితే చేదెక్కుతుంది. కడుపులో పుండు ఉన్నవారికి ఇది వద్దు.

పెసరపప్పు కిచిడీ గురించి చెప్పబోతూ టి.బి. రోగుల ఇళ్ల గురించి ఒక మాట. జార్ఖండ్‌లో 2019 నుండి 2022 వరకు ఒక పెద్ద పరిశీలన జరిగింది. టి.బి. రోగులకు మందులతోపాటు సరుకులు ఇచ్చారు. కొన్ని కుటుంబాల్లో రోగికే కాక ఇంట్లోవారికి కూడా తలకు నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. ఆ ఇళ్లల్లో మిగతావారికి టి.బి. సోకడం నూటికి దాదాపు నలభై వంతులు తగ్గింది. 2023లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. ఆలోచించండి. కొత్త మందు కాదు, పప్పూ బియ్యమూ! మన ఇళ్లల్లో గుడ్డంతా రోగికి పెట్టి, ఆ తల్లి వట్టి చారునీళ్లతో తింటుంది. అమ్మా, నువ్వు కూడా తిను. టి.బి. మందులు వాడేవారికి ప్రభుత్వం పోషకాహారం కోసం ఇచ్చే సొమ్ము 2018లో నెలకు 500 రూపాయలతో మొదలై, 2024 నవంబరు నుండి 1000 రూపాయలైంది. బ్యాంకు ఖాతా నంబరు రాయించారో లేదో అడిగి తెలుసుకోండి. సిగ్గుపడవలసిన పని లేదు.

కిచిడీకి రెండు వంతుల బియ్యం, ఒక వంతు పెసరపప్పు. పప్పును కమ్మని వాసన వచ్చేదాకా వేయించండి. ఈ పని బద్ధకించవద్దు, రుచి అంతా అక్కడే ఉంది. బియ్యానికి ఐదు రెట్ల నీళ్లు, పసుపు, అల్లం ముక్క, ఉంటే గుప్పెడు మునగాకు. దించాక ఒక చెంచా నెయ్యి. చిక్కిపోయిన మనిషికైతే ఉడికించిన గుడ్డు మెదిపి కలపండి.

ఇప్పుడు మన సముద్రం వైపు వారు ఎదురుచూస్తున్న మాటకు వస్తాను. చేపల పులుసు పెట్టవచ్చా? పథ్యంలో చేప వద్దంటారు గదా? మెత్తని అన్నం తిని అరిగించుకుంటున్న రోగికి, డాక్టరుగారు వద్దనకపోతే, పెట్టవచ్చు. చేప మాంసం తేలికగా అరుగుతుంది. ఒక తాత మన వార్డులో నాలుగు రోజులు అన్నం ముట్టలేదు. "ఏం తింటావు నాయనా?" అని కూతురు అడిగితే, "మామిడికాయేసి పులుసు పెట్టమ్మే" అన్నాడు. ఆ మర్నాడు ముళ్లు తీసిన రెండు ముక్కలు, గిన్నెడు అన్నం తిన్నాడు. ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుంటూ గిన్నె కడుక్కొని వచ్చింది.

ఇంట్లో చేసేటట్టే చేయండి గానీ కారం సగానికి, నూనె రెండు చెంచాలకు తగ్గించండి. ఉల్లిపాయ మగ్గాక పలచని చింతపండు పులుసు పోసి, మామిడికాయ ముక్కలు వేసి బాగా మరగనివ్వండి. ముక్కలు చివరలో వేసి పది నిమిషాలు. మెంతిపొడి చిటికెడు. రేపటికి రుచి ఎక్కువని మనం దాచుకుంటాము, రోగికి మాత్రం ఆ పూటది ఆ పూటే. బి.పి., గుండె, కిడ్నీ జబ్బులున్నవారికి ఎండుచేపలు, ఊరగాయలు వద్దు, వాటిలో ఉప్పు చాలా ఎక్కువ. కిడ్నీ రోగులకు కొబ్బరినీళ్లు కూడా అడగకుండా ఇవ్వవద్దు, అందులో పొటాషియం ఎక్కువ. బాలింతకు పాలు పడాలని సొరపుట్టు పెట్టడం మన తీరంలో ఆనవాయితీ. మాంసకృత్తులకు మంచిదే, అయితే పెద్ద సొరచేపల ఒంట్లో పాదరసం పేరుకుంటుందని ఇప్పుడు తెలిసింది. ఆ ఖర్చుతో నెత్తళ్లు, కవళ్లు తెచ్చుకోండి. చిన్న చేపలే బాలింతకు మేలు.

పక్షవాతం వచ్చినవారికి తినిపించేవారు మా నర్సులను అడగకుండా చెంచా ఎత్తవద్దు. పడుకోబెట్టి తాగిస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నేరుగా కూర్చోబెట్టాలి. పలచని నీళ్లకంటే చిక్కని జావ మింగడం చాలామందికి సులువు. ఒక చెంచా మింగాడని చూసుకున్న తరువాతే రెండో చెంచా. దగ్గు వస్తే, గొంతు గరగరలాడితే ఆపి మమ్మల్ని పిలవండి. తిన్నాక అరగంట కూర్చోనివ్వండి.

క్యారేజీ విషయం. ఉదయం ఆరింటికి వండినది ఎండలో బస్సులో వచ్చి పదకొండింటికి మూత తీస్తే, వాసన బాగున్నా అది రోగికి మంచిది కాదు. మన ఎండలకు రెండు గంటలు దాటనివ్వవద్దు. దూరం నుండి వచ్చేవారు జావపిండి, వేయించిన పప్పు డబ్బాల్లో తెచ్చుకొని ఇక్కడే వేడిగా కాచుకోండి. చద్దన్నం ఆరోగ్యంగా ఉన్నవారికి మంచిదే, నీరసించిన రోగికి వద్దు. మీవాడు ఎన్ని చెంచాలు తిన్నాడో, ఎన్ని గ్లాసులు తాగాడో ఒక కాగితం మీద రాసిపెట్టండి. రౌండ్స్‌లో డాక్టరుగారు అడిగితే "ఏదో కొంచెం తిన్నాడండీ" అనవద్దు, ఆ కాగితం చూపించండి.

గంట కొట్టే వేళయింది. క్యారేజీలు తెచ్చినవారు ముందు కుళాయి దగ్గర సబ్బుతో చేతులు కడుక్కొని, ఆ తరువాత వార్డులోకి రండి.