డాష్‌బోర్డు చార్టులు – మనము తెలుసుకోవలసిన సంగతులు

(కోడుమూరులో పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటరు డాష్‌బోర్డులో చార్టులు వేయడం, వాటిని తీర్చిదిద్దడం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. డెబ్బై దాటిన మనకు ఇదెందుకని కొందరు నవ్వుకొని ఉండవచ్చు. అయ్యా, మన మండలంలో వాన ఎంత పడిందీ, మన దరఖాస్తు ఎక్కడ ఆగిందీ ఇవాళ పై అధికారులు ముందుగా తెర మీద బొమ్మగా చూస్తున్నారు. 2017లో వెలగపూడి సచివాలయంలో రియల్ టైమ్ గవర్నెన్స్ కేంద్రం ప్రారంభమైంది. అప్పటి నుంచి డాష్‌బోర్డు అనే మాట మండల కార్యాలయాల్లోనూ వినపడుతున్నది. బొమ్మ సరిగా లేకపోతే దాన్ని చూసి తీసుకునే నిర్ణయమూ సరిగా ఉండదు. ఆ నిర్ణయం వచ్చి పడేది మన మీదనే.

డాష్‌బోర్డు అంటే మొదట గుర్రపుబండి ముందు అడ్డంగా కొట్టిన పలక. గుర్రం కాళ్ళు చిమ్మిన బురద బండిలో వాళ్ళ మీద పడకుండా అది కాపాడేది. తరువాత మోటారుకార్లో వేగమూ, పెట్రోలూ చూపే ముల్లులున్న పలకకు ఆ పేరు వచ్చింది. ఇప్పుడు లెక్కలన్నీ ఒకచోట చూపే తెరకు వచ్చింది.

చార్టు మనకు కొత్తదేమీ కాదు. స్కాట్లండు దేశస్థుడు విలియం ప్లేఫేర్ 1786లోనే వ్యాపార లెక్కలను గీతలుగా, కడ్డీలుగా గీసి పుస్తకం వేశాడు. 1801లో రొట్టెముక్కల్లాంటి గుండ్రటి చార్టు కూడా ఆయనే గీశాడు. మనం జమాబందీ రోజుల్లో గళ్ళ కాగితం మీద రంగు పెన్సిళ్ళతో వాన లెక్క గీసి గోడకు తగిలించేవాళ్ళం. ఇప్పుడు ఎక్సెల్, పవర్ బీఐ వంటి సాధనాలు ఆ పని క్షణంలో చేస్తున్నాయి. అయితే గీసేటప్పుడు చెయ్యి పడే ఆలస్యంలో మనకొక ఆలోచన ఉండేది. యంత్రానికి ఆ ఆలోచన లేదు. అది మనమే పెట్టాలి.

పని వరుస చెబుతాను. మొదట పట్టిక శుభ్రంగా ఉండాలి. ఒక మండలం, ఒక నెల, ఒక వాన లెక్క – ఇది ఒక వరుస. మధ్యలో మొత్తాల వరుసలు కలపరాదు. కలిపితే అదే లెక్క రెండుసార్లు వస్తుంది. తరువాత చార్టు రకం ఎంచుకోవాలి. మండలాలను ఒకదానితో ఒకటి పోల్చడానికి కడ్డీలు మంచివి. నెలలు గడిచేకొద్దీ వచ్చిన మార్పు చూడడానికి గీత మంచిది. గుండ్రటి చార్టు రెండు మూడు భాగాలుంటేనే పనికొస్తుంది, పది ముక్కలు చేస్తే ఏది పెద్దదో కంటికి ఆనదు. రకం ఎంచుకున్నాక నెలలను అడుగు గీతకు, వానను నిలువు గీతకు ఇవ్వాలి. చివరగా కుంచె గుర్తున్న చోట నొక్కి శీర్షిక, కొలమానం, అంకెలు, రంగులు సరిచేయాలి. ఇంతే పద్ధతి. అయితే ఈ సరిచేయడంలోనే అసలు సంగతి ఉంది.

మొదటిది కూడిక. అంకెల వరుస కనపడితే పవర్ బీఐ సాధారణంగా తనంతట తానే కూడేస్తుంది. వాన లెక్కకు అది సరే. శ్రీశైలం నీటిమట్టం రోజూ 880 అడుగులుంటే, నెలకు 30 రోజులూ కూడి 26,400 అడుగులని చూపిస్తుంది. హిమాలయాల ఎత్తన్నమాట! అక్కడ కూడిక తీసేసి సగటో, నెలాఖరు మట్టమో పెట్టుకోవాలి.

రెండవది, నిలువు గీత ఎక్కడ మొదలు కావాలన్నది. కడ్డీల చార్టు సున్న నుంచే మొదలు కావాలి. లేకపోతే 95కూ 100కూ ఉన్న తేడా రెండింతలుగా కనిపించగలదు. నీటిమట్టానికి మాత్రం ఆ సూత్రం పనికిరాదు. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు. 2009 అక్టోబరులో నీరు 896 అడుగులు దాటింది, కర్నూలు మునిగింది. సున్న నుంచి కడ్డీలు గీస్తే ఈ రెండూ కవలపిల్లల్లా ఉంటాయి. కొంపలు ముంచిన పదకొండడుగులు కంటికే కనపడవు. అక్కడ గీత చార్టు వేసి, 800 నుంచి మొదలుపెట్టి, 885 దగ్గర ఎర్రగీత గీయాలి. ఎక్కడి నుంచి మొదలుపెట్టామో స్పష్టంగా రాయాలి కూడా.

మూడవది సగటు. ఒక ఊళ్ళో 90 మిల్లీమీటర్లు, రెండో ఊళ్ళో 60, మూడో ఊళ్ళో చుక్క లేదనుకోండి. సగటు 50. చార్టు చల్లగా కనిపిస్తుంది. మూడో ఊరి రైతు బుడ్డల విత్తనం మాత్రం మట్టిలోనే మాడిపోయింది. శాతాల సంగతీ అంతే. ఒక ఆఫీసులో 10 దరఖాస్తులకు పదీ తీరాయి, నూటికి నూరు. ఇంకో ఆఫీసులో 90కి 45 తీరాయి, యాభై. రెండింటికీ సగటు కట్టి 75 శాతమంటారు. నిజానికి 100కు తీరినవి 55 మాత్రమే.

నాల్గవది రంగు. వాతావరణ శాఖ లెక్కలో మామూలు కంటే 19 శాతం వరకు తగ్గితే సాధారణం, 20 తగ్గితే లోటు. మామూలు 100 మిల్లీమీటర్లున్న చోట 81 కురిస్తే ఒక రంగు, 80 కురిస్తే ఇంకో రంగు. ఒక్క మిల్లీమీటరుకు పొలం తలరాత మారదు. అందుకని రంగు వేసిన చోట అంకె కూడా వేయాలి. ఎరుపు, ఆకుపచ్చ పక్కపక్కన పెడితే కొందరికి తేడా తెలియదు. మన వయసు కళ్ళకు లేత రంగులు అసలే ఆనవు. అక్షరాలు పెద్దవిగా ఉండాలి.

గీత ఎక్కడ గీస్తామన్నది ఎంత పెద్ద మాటో పెన్షనర్లకు వేరే చెప్పనక్కరలేదు. 1979 మార్చి 31 అనే ఒక తేదీని పట్టుకొని పెన్షనర్లను రెండు తెగలుగా విడదీస్తే, అది చెల్లదని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ పండుగ అందుకే చేసుకుంటున్నాం.

ఐదవది, లెక్క వెనుక హద్దు మారిందా అన్నది. 2022 ఏప్రిల్ 4న మన జిల్లా నుంచి నంద్యాల జిల్లా విడిపోయింది. కర్నూలు జిల్లా సాగు విస్తీర్ణం ఏళ్ళవారీగా గీస్తే అక్కడ గీత ధబీమని కిందికి పడుతుంది. తెలియనివాళ్ళు కరువొచ్చిందనుకుంటారు. పాత సంవత్సరాలకు కూడా ఇప్పటి మండలాల లెక్కే తీయాలి, లేదా ఆ చోట చిన్న నిలువుగీత గీసి "జిల్లా విభజన" అని రాయాలి. వాన లెక్కలకూ ఇదే వర్తిస్తుంది. ఫసలీ అంటే జూలై నుంచి జూన్ దాకా, క్యాలెండరు సంవత్సరం జనవరి నుంచి. రెండూ ఒకే చార్టులో కలపరాదు.

ఇప్పుడు మన సంఘానికి ఒక మనవి. కుటుంబ పెన్షను కోసం ఎదురుచూసే అమ్మల సంగతి మనకు తెలుసు. "99 శాతం పరిష్కారం" అని ఎక్కడైనా బొమ్మ కనిపిస్తే సంతోషమే. మిగిలిన ఒక్క శాతంలో ఉన్న ఆమెకు మాత్రం అది నూటికి నూరు శాతం ఆకలి. కాబట్టి మన సంఘం తరఫున ఒక చిన్న చార్టు వేద్దాం. శాతాలు వద్దు. ఎన్ని కేసులు ఆగి ఉన్నాయి, ఒక్కొక్కటి ఎన్ని నెలలుగా ఆగి ఉంది – ఒక కేసుకు ఒక కడ్డీ. పొడవైన కడ్డీ పైన ఉండాలి. పేర్లు బయట పెట్టవద్దు, వరుస సంఖ్య చాలు. కింద లెక్క తీసిన తేదీ వేయాలి. ప్రతి నెలా ఆ కాగితం తీసుకొని సంబంధిత అధికారిని కలుద్దాం. నెల తిరిగేసరికి పై కడ్డీ ఇంకా పెరిగిందంటే ఆయనకు మనం వేరే మాట చెప్పే పని ఉండదు.

దీనికి కంప్యూటరు తెలిసిన పిల్లలు కావాలి. సభలో ఉన్న మనవళ్ళూ, మనవరాళ్ళూ ముందుకు రావాలని కోరుతున్నాను. బొమ్మ మీరు వేయండి నాయనా, లెక్క సరిచూసే పని మాకు వదలండి. ముప్పై ఏళ్ళు మేము చేసిందదే.