తాత గొంతు రికార్డ్ చేయాలంటే ఏ మైక్ కొనాలి?

ఈ రోజు ఎపిసోడ్ మైక్ గురించి. స్టూడియో మైక్ కాదు, పాత మ్యూజిక్ ప్లేయర్‌కు తగిలించుకునే చిన్న మైక్.

మొన్న ఆదివారం పాలకుర్తిలో మా వెనక వీధి తమ్ముడు ఒకడు వచ్చాడు. చేతిలో పాత ఐపాడ్ టచ్ ఉంది. "అన్నా, మా తాత మాటలు రికార్డ్ చేద్దామనుకుంటున్న. దీనికి బయటి మైక్ ఏది కొనాలె?" అన్నాడు. ఫోన్ ఉంది కదరా అన్నాను. "తాత చెప్తుంటే నడుమల ఫోన్ మోగుతది. ఆయన ఆగిపోతడు, మళ్ల మొదలువెట్టడు" అన్నాడు. నిజమే. మ్యూజిక్ ప్లేయర్‌కు కాల్స్ రావు. ఆ ఒక్క పనికి అది ఫోన్ కంటే మేలు.

వాళ్ల తాతకు 90కి దగ్గర. కడవెండిలో దొడ్డి కొమరయ్యను కాల్చి చంపింది 1946 జులై 4న. అప్పుడు పదేళ్ల పిల్లలుగా ఉన్నవాళ్లే ఇప్పుడు మిగిలిన సాక్షులు. మా ఊరి ఐలమ్మ సంగతి చూడండి. విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురునిలబడి తన పంట తను ఇంటికి తెచ్చుకున్న మనిషి. స్త్రీశక్తి సంఘటన వాళ్లు ఆమె చెప్పిన మాటలు తీసుకుని 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' పుస్తకంలో వేశారు. ఆమె 1985 సెప్టెంబర్‌లోనే పోయింది. ఇంకొంచెం ఆలస్యం చేసి ఉంటే ఆ మాటలు కూడా లేకపోవును. అందుకే తమ్ముడి ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోలేదు.

ఇంకో కారణం కూడా ఉంది. అది కొంచెం కష్టంగానే చెప్తున్నాను. బీటెక్ చదివేటప్పుడు మా నాయినమ్మను గంటసేపు రికార్డ్ చేశాను. కెమెరా కోసం కొన్న కాలర్ మైక్‌ను ఆమె కొంగుకు పెట్టి, వైర్ ప్లేయర్‌కు గుచ్చాను. పెళ్లై ఈ ఊరికి వచ్చిన సంగతి, కరువు, బతుకమ్మ పాటలు, అన్నీ చెప్పింది. సాయంత్రం విని చూస్తే ఫ్యాన్ గాలి, గిన్నెల చప్పుడు, ఎక్కడో దూరంగా ఆమె గొంతు. మళ్లీ చేద్దాంలే అనుకున్నాను. ఆ 'మళ్లీ' రాలేదు.

తప్పు ఎక్కడ జరిగిందో ఉద్యోగంలో చేరాక గానీ అర్థం కాలేదు. మీ మైక్ పిన్ ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. దాని మీద నల్లటి గీతలు ఉంటాయి. రెండు గీతలుంటే మూడు భాగాల పిన్, అది కెమెరాలది. మూడు గీతలుంటే నాలుగు భాగాల పిన్, అది ఫోన్లది, ఐపాడ్ టచ్‌ది. ఈ నాలుగు భాగాల్లో కొన నుంచి మొదటి రెండూ ఎడమ, కుడి చెవులకు, మూడోది గ్రౌండ్, చివరిది మైక్. మూడు భాగాల పిన్ గుచ్చితే మైక్ భాగం, గ్రౌండ్ భాగం ఒకదానికొకటి కలిసిపోతాయి. అప్పుడు ప్లేయర్ "ఎవరో మామూలు ఇయర్‌ఫోన్ పెట్టారు" అనుకుంటుంది. తన లోపలి మైక్‌తోనే రికార్డ్ చేసుకుంటూ పోతుంది. ఎర్రర్ ఏమీ చూపించదు. నాయినమ్మ కొంగుకు ఉన్న మైక్ ఆ గంటసేపూ ఉత్త అలంకారమే. రికార్డ్ చేసింది ఫ్యాన్ కింద బల్ల మీద ఉన్న ప్లేయర్.

కాబట్టి మొదటి మాట: బ్రాండ్ కంటే ముందు పిన్ చూడండి. మూడు భాగాల మైక్ ఇప్పటికే ఇంట్లో ఉంటే పారేయొద్దు. దాన్ని నాలుగు భాగాలకు మార్చే చిన్న అడాప్టర్ దొరుకుతుంది. మన దగ్గర చాలామంది వాడే బోయా బీవై-ఎం1 లాంటి వాటికి నాలుగు భాగాల పిన్నే ఉంటుంది, వైరు 6 మీటర్లు ఉంటుంది. దాని డబ్బీ మీద ఒక స్విచ్ ఉంటుంది, ఒకవైపు ఫోన్, ఇంకోవైపు కెమెరా. ఐపాడ్‌కు ఫోన్ వైపే పెట్టాలి.

రెండో మాట: మీ ప్లేయర్ ఏ తరానిదో చూడండి. ఐపాడ్ టచ్‌లో 2008లో వచ్చిన రెండో తరానికి లోపల మైకే లేదు, కానీ మైక్ ఉన్న ఇయర్‌ఫోన్ పెడితే పనిచేస్తుంది. 2010 నాటి నాలుగో తరం నుంచి లోపలే మైక్ వచ్చింది. చక్రం తిప్పే పాత ఐపాడ్‌లకు కింద లేదా పైన తగిలించే ప్రత్యేక మైకులు ఉండేవి. 2003 నాటి మూడో తరంలో అవి సెకనుకు 8 వేల శాంపిల్స్ మాత్రమే తీసుకునేవి. అంటే 4 వేల హెర్ట్జ్ పైన ఉన్న శబ్దం రానే రాదు. 'స' అనే అక్షరం బలమంతా ఎక్కువగా ఆ పైనే ఉంటుంది. మాట అర్థమవుతుంది గానీ మనిషి గొంతులా ఉండదు. 2005 నాటి వీడియో ఐపాడ్‌తో 44,100 శాంపిల్స్ వరకు వెళ్లారు. ఎంచుకునే అవకాశం ఉంటే 44,100, 16 బిట్, మోనో పెట్టండి. గంటకు సుమారు 320 ఎంబీ అవుతుంది, అంతే.

మూడో మాట: పెళ్లి మండపంలో వాడే పెద్ద మైకులు దీనికి పనికిరావు. వాటిలో కొన్నింటికి 48 వోల్టుల కరెంట్ కావాలి, ఈ చిన్న రంధ్రం నుంచి వచ్చేది చాలా తక్కువ. ఒక మనిషి కూర్చుని మాట్లాడే పనికి కాలర్ మైకే సరి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది దూరం. మైక్ దూరం రెట్టింపైతే గొంతు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. జానెడు దూరంలో ఉన్న మైక్‌ను నాలుగు జానల దూరంలో పెడితే 12 డెసిబెల్స్ పోతాయి. ఫ్యాన్ చప్పుడు మాత్రం అంతే ఉంటుంది. కాబట్టి ఖరీదైన మైక్ దూరంగా పెట్టడం కంటే మామూలు మైక్ గదవ కింద జానెడు దూరంలో పెట్టడం నయం. తాతలకు భుజం మీద తువ్వాల ఉంటే తీసి పక్కన పెట్టమనండి, అది రుద్దుకుంటే బరబరమంటుంది. అమ్మమ్మలకైతే పుస్తెలతాడుకు, పూసలకు దూరంగా, కొంగు లేని వైపు పెట్టండి. ఒగ్గుకథ, డోలు రికార్డ్ చేయాలంటే ఈ పద్ధతి కుదరదు, ఆ చప్పుడుకు గొంతు పగిలిపోయినట్టు వస్తుంది. అప్పుడు మైక్ దూరంగా జరపాల్సిందే.

చివరిది, నేను చేయనిది. మైక్ పెట్టాక దాని మీద గోటితో టకటక కొట్టండి. తర్వాత ప్లేయర్ మీద కొట్టండి. 30 సెకన్లు రికార్డ్ చేసి, మైక్ తీసేసి, ఇయర్‌ఫోన్ పెట్టి వినండి. మైక్ మీద కొట్టింది గట్టిగా వినపడితే మైక్ పనిచేస్తున్నట్టు. ప్లేయర్ మీద కొట్టింది గట్టిగా వినపడితే ఆగండి, మీరు నా తప్పే చేస్తున్నారు.

తమ్ముడికి ఇదంతా చెప్పి, నా దగ్గరున్న మైకే ఇచ్చి పంపాను. రాత్రి ఆ 30 సెకన్లు నాకు పంపాడు. రెండు సార్లు టకటక, తర్వాత చెవి పక్కన కూర్చున్నట్టు తాత గొంతు: "ఏందిరా కొడుతున్నవ్? ఇంతకీ నేను చెప్పాల్నా వద్దా?"

చెప్పాలి తాతా. మీ ఇంట్లో కూడా చెప్పేవాళ్లుంటే మంచి మైక్ వచ్చేదాకా ఆగకండి. ఉన్నదాంతోనే, కాకపోతే టెస్ట్ చేసి, ఈ వారమే కూర్చోండి. ఫైల్‌ను రెండు చోట్ల దాచండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.